టెస్టరు బాబాయి

ప్రతి బంధువర్గంలోనూ ఒక టెస్టరు బాబాయి ఉంటాడు. ట్రెజరీలోనో బడిలోనో పనిచేసి రిటైరయి ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది. పెళ్లికొచ్చినా, పరామర్శకొచ్చినా ఆయన చూపు ముందు స్విచ్ బోర్డు మీదే పడుతుంది.

పాత డాబా ఇళ్లంటే బాబాయికి ప్రాణం. చెక్క బద్దీల మీద రేకు క్లిప్పులు కొట్టి లాగిన వైర్లు, నల్లటి బేకలైటు స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు చూడగానే, "అబ్బ, ఏం పనితనం!" అంటాడు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు అని ఒప్పజెబుతాడు కూడా. ఆ ఇంట్లో అన్నీ దుమ్ము రంగువే.

అసలు విద్య మెట్ల లైటు దగ్గర బయటపడుతుంది. దానికి కిందొక స్విచ్, పైనొక స్విచ్. ఎటునుంచైనా వెయ్యొచ్చు, ఆపొచ్చు. అలాంటి టూవే స్విచ్‌కి వెనక మూడు పిన్నులుంటాయి. కిందిది పాడైనప్పుడు ఎవరో మామూలు రెండు పిన్నులది బిగించి, మిగిలిన వైరుకి నల్ల టేపు చుట్టి లోపలికి తోసేశారు. అప్పట్నుంచి కింద వేసి ఉంచితేనే పైనుంచి వెలుగుతుంది.

బాబాయి బోర్డు విప్పాడు. మెయిన్ ఆపడు, ఆపితే టెస్టరుకి పనేముంటుంది? మనవణ్ణి పైకి పంపాడు. టేపు వైరు బయటికి లాగి, "ఇది ఎర్తు" అని తేల్చాడు. టేపు తీసి టెస్టరు ఆనించాడు. వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"చూశావా అమ్మాయ్! ఎర్తులోకి కరెంటు వచ్చిపోతోంది!"

పైనుంచి మనవడు, "తాతయ్యా, స్విచ్ వేస్తూ తీస్తూనే ఉండాలా, ఆపెయ్యనా?" అని అరిచాడు.

బాబాయికి అది వినబడదు. అప్పటికే ప్లగ్గు పాయింటు దగ్గరికెళ్లాడు. అక్కడ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగింది. ఎక్కడో న్యూట్రలు తెగితే, వేసి ఉన్న బల్బు గుండా ఫేజు తిరిగొచ్చి అలాగే వెలుగుతుంది. బాబాయి మాత్రం వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు వైపు చెయ్యి చూపించాడు. స్విచ్ ఆపినా బాత్రూములో ఎల్ఈడీ బల్బు మిణుకుమంటోందంటే, "మంచి బల్బమ్మా, చార్జింగ్ నిలవుంటుంది" అన్నాడు. ఫేజు బదులు న్యూట్రలుకి స్విచ్ పెడితే జరిగేది అదే. అప్పుడు లైటు ఆరినా హోల్డరులో 230 వోల్టులూ ఉంటాయి.

బాబాయి మీ ఇంటికొస్తున్నాడని తెలిస్తే మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి బీరువాలో పెట్టండి. కరెంటు లేదని చెప్పి కాఫీ ఇవ్వండి. ఆయన వెళ్లాక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ న్యూట్రళ్లు చూపించండి. మెట్ల దగ్గర టూవే స్విచ్ వేయించండి. అదొక్కటీ అయితే పావుగంట పని.