రోజుకు పదిహేను పొద్దుపొడుపులు

బోరంచ అనే ఊళ్లో పొద్దు రోజుకు ఒక్కసారే పొడుస్తుంది. నాకు పదిహేను సార్లు పొడిచేది, పదిహేను సార్లు గుంకేది. ఆ కాసిన్ని నిమిషాలే నాకు పని.

నా పేరు హాలో. కాగితాల్లో హాలోజెన్ అకల్టేషన్ ఎక్స్‌పెరిమెంట్ అని రాస్తారు గానీ అంత పొడుగు పేరుతో నన్నెవరూ పిలవలేదు. 1991 సెప్టెంబరులో డిస్కవరీ షటిల్ యూఏఆర్ఎస్ అనే ఉపగ్రహాన్ని మోసుకొచ్చి దాదాపు 585 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. దానికి బిగించిన పరికరాల్లో నేనొకదాన్ని.

సూర్యుడు భూమి అంచున ఉన్నప్పుడు ఆ వెలుగు గాలిపొరల్లోంచి అడ్డంగా దూరి నాదాకా వస్తుంది. దారిలో ఏ వాయువు ఎంత వెలుగు మింగిందో చూడటమే నా విద్య. మీథేన్ కోసమైతే నా పొట్టలో మీథేన్ నింపిన చిన్న గదే ఉండేది. వచ్చిన వెలుగును రెండు పాయలు చేసి, ఒకదాన్ని ఆ గదిలోంచి పోనిచ్చి, రెండోదాంతో పోల్చుకునేదాన్ని. దొంగను పట్టడానికి దొంగనే వెంటబెట్టుకు తిరిగినట్టు.

మంజీర ఒడ్డున నల్లపోచమ్మ గుడి ఉన్న ఆ బోరంచలోనే ఒక బర్రె నెమరేస్తూ తేన్చిందనుకోండి. మీథేన్ బయటికొస్తుంది, ఎక్కువగా నోటి నుంచే (జనం మరోలా అనుకుంటారు). అందులో చాలా భాగం కింది గాలిలోనే కొన్నేళ్లలో విరిగిపోతుంది. మిగిలింది ఉష్ణమండలపు గాలితో లేచి, దాదాపు 17 కిలోమీటర్ల దగ్గర స్ట్రాటోస్ఫియర్‌లోకి అడుగుపెడుతుంది. అక్కడి నుంచి నడక మహా నిదానం, నెలకు ఏ కిలోమీటరో. ఎక్కేకొద్దీ అరుగుతుంది. నా కాలంలో నేల మీద పది లక్షల పాళ్లకు 1.7 పాళ్లు ఉంటే, 50 కిలోమీటర్ల దగ్గర అందులో సగం కూడా కనబడేది కాదు. పోయిన మీథేన్ నీటి ఆవిరిగా మారేది. ఆ ఆవిరినీ నేనే కొలిచేదాన్ని.

ఇంత చూసినా ఆ గాలిని నేను తాకి ఎరగను. తాకినవి హైదరాబాద్ నుంచి లేచాయి. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు, మొదట్లో జర్మన్ శాస్త్రవేత్తలతో కలిసి, ఈసీఐఎల్ దగ్గరి టీఐఎఫ్ఆర్ కేంద్రం నుంచి 1987, 1990, 1994, 1998లలో బెలూన్లు ఎగరేశారు. వాటికి వేలాడేవి స్టీలు గొట్టాలు. ద్రవ నియాన్‌లో, మైనస్ 246 డిగ్రీల చలిలో మునిగి ఉంటాయి. మూత తెరవగానే గాలి లోపలికొచ్చి గడ్డకట్టేస్తుంది. ఎక్కేటప్పుడు బెలూన్ తనతో తెచ్చిన కింది గాలి కలుస్తుందని, దిగేటప్పుడే తెరుస్తారు. తర్వాత పారాచూట్‌తో ఏ ఊరి చేలోనో వాలుతాయి. మొదటి రెండు ప్రయాణాలు నేను ఎగరకముందువి. వాటిమీద నాకు కొంచెం అసూయ ఉన్న మాట నిజమే.

చిక్కల్లా, ఆ నాలుగు కొలతలూ ఒక తీరుగా లేవు. ఒకే ఆకాశం, ఒకే ఎత్తు, మీథేన్ మాత్రం ఒక్కో ఏడు ఒక్కో రకం. నాలుగే చుక్కలు చేతిలో ఉంటే మనిషి వాటి మీదుగా ఏ గీతైనా గీసేస్తాడు. శాస్త్రవేత్తలు ప్రబీర్ పాత్ర, శ్యామ్ లాల్ తదితరులు 2003లో వాటి పక్కన నా ఏళ్లతరబడి కొలతలు పెట్టి చూశారు. అప్పుడు గాలి గుట్టు బయటపడింది. భూమధ్యరేఖ మీద, స్ట్రాటోస్ఫియర్‌లో, తూర్పుగాలీ పడమటిగాలీ ఇంచుమించు 28 నెలలకోసారి వంతులు మార్చుకుంటాయి. వంతు మారితే గాలి పైకెక్కే జోరు మారుతుంది, దాంతో మీథేనూ. నేను కూడా బోరంచ అక్షాంశాన్ని రోజూ చూసేదాన్ని కాదు, నెలలో కొన్ని రోజులే. అయినా ఏడాది వెంట ఏడాది చూస్తూ పోయాను కాబట్టి ఆ ఊపు నాకు దొరికింది. నా లెక్క సరైనదేనని చెప్పడానికి గొట్టాల్లోని అసలు గాలి కావాల్సొచ్చింది.

2005 నవంబరులో నా చూపు ఆగింది. 2011 సెప్టెంబరు 24న ఉపగ్రహం కాలిపోతూ పసిఫిక్‌లో పడింది. బోరంచ బర్రెల వాటా ఎంత, వరిమళ్ల వాటా ఎంత అని నన్నడిగితే లాభం లేదు, నాది పై అంతస్తు. కింది లెక్కకు 2017లో ట్రోపోమీ అనే పరికరం ఎక్కింది. దాని చూపులో ఒక్కో గడి ఇంచుమించు ఐదున్నర కిలోమీటర్లకు ఏడు కిలోమీటర్లు. అందులో బోరంచ, దాని చేలు, మంజీర నీళ్లు అన్నీ కలిసి ఒకే అంకె.