పిక్సెల్ పంతులు

కంప్యూటర్ విజన్ పని నడిచే ప్రతి ఆఫీసులోనూ ఒక పిక్సెల్ పంతులు ఉంటాడు. ఐడీ కార్డు మీద ఏ హోదా రాసున్నా, ఆయన అసలు వృత్తి బొమ్మ మీద పడే మౌస్ క్లిక్కుల మంచిచెడ్డలు చూడటం. క్లిక్కు పలకడం లేదని మాదాపూర్‌లో ఏ కుర్రాడు బెంబేలెత్తినా ముందు కబురు వెళ్లేది ఆయనకే. వచ్చి, వెనకాల చేతులు కట్టుకు నిలబడి, కోడు వంక కన్నెత్తి చూడకుండానే విచారణ మొదలుపెడతాడు.

“విండోకి ఏం పేరు పెట్టావయ్యా?”

“ఫొటో అని పెట్టాను సార్.”

“సెట్‌మౌస్‌కాల్‌బ్యాక్‌లో ఏమని పిలిచావు?”

“ఫొటో అనే... అయ్యో, ఇక్కడ మొదటి అక్షరం చిన్నది పడింది సార్.”

“నామకరణం ఒక పేరుతో, పిలుపు ఇంకో పేరుతోనా! ఎర్రర్ రాక ఏమొస్తుంది?”

అక్కడితో వెళ్లిపోతే ఆయన పంతులెందుకవుతాడు? కాల్‌బ్యాక్‌కు అందే అయిదింటినీ, ఈవెంట్, ఎక్స్, వై, ఫ్లాగ్స్, పరామ్ అంటూ కుర్రాడిచేత వరసగా అనిపిస్తాడు. తర్వాత సంఖ్యాపాఠం. మౌస్ కదిలితే 0, ఎడమ బటన్ నొక్కితే 1, కుడిది నొక్కితే 2, ఎడమది వదిలితే 4, డబుల్ క్లిక్కుకు 7. వీటికి చక్కటి పేర్లున్నాయి, అంకెలు ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. ఆయన పట్టాడు. సొంత ఫోన్ నంబరు అడిగితే మాత్రం ఫోన్ తీసి చూసుకుంటాడు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది తారుమారు దోషం. మౌస్ ముందు ఎక్స్ చెప్తుంది, తర్వాత వై. బొమ్మేమో నంపై పట్టిక. దాన్ని అడిగేటప్పుడు ముందు వై, తర్వాత ఎక్స్. ఈ తేడా మరిచిపోయి 640 వెడల్పు, 480 ఎత్తు ఉన్న బొమ్మలో కుడి అంచున నొక్కితే ఎర్రర్ వస్తుంది. అది అదృష్టం. ఇంకాస్త ఎడమగా నొక్కితే అదీ రాదు. దర్జాగా ఇంకేదో పిక్సెల్ రంగు చెప్తుంది. ఆ రంగయినా తిన్నగా చెప్పదు. ఓపెన్‌సీవీలో నీలం ముందు, ఆకుపచ్చ మధ్యన, ఎరుపు చివర. కుంకుమ మీద నొక్కి నీలమని రిపోర్టు రాసిన అమ్మాయికి ఆయన 1999లో ఇంటెల్‌లో ఓపెన్‌సీవీ మొదలైన దగ్గర్నుంచి కథ చెప్పుకొచ్చాడు, దానికి ముహూర్తం పెట్టింది తానే అన్నంత ధీమాగా.

వంకరగా ఫొటో తీసిన పట్టాదారు పాస్‌బుక్కును తిన్నగా చేయాలంటే నాలుగు మూలలా నాలుగు క్లిక్కులు కావాలి. ఎవరికి తోచిన వరసలో వాళ్లు నొక్కడం ఆయన ఆఫీసులో నిషిద్ధం. వాయవ్యంలో మొదలుపెట్టాలి, అక్కణ్నుంచి ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి. ప్రదక్షిణం తప్పితే పేజీ మెలితిరిగి సర్వే నంబర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. నవ్వుకున్నవాళ్లు కూడా చివరికి అలాగే నొక్కుతున్నారు, ఎందుకంటే గమ్యం మూలల్ని కోడులో ఆ వరసలోనే రాసి పెట్టాడు మహానుభావుడు.

ఇక మూలమంత్రం వెయిట్‌కీ. ఐఎమ్‌షో పిలిచి ఊరుకుంటే విండోకి క్లిక్కులు అందుకునే తీరిక ఉండదు. లూపులో వెయిట్‌కీ 1 పెడితే తిరిగినప్పుడల్లా ఒక్క క్షణం చెవి ఒగ్గుతుంది. “ఎంతసేపు పని చేశావన్నది కాదు బాబూ, మధ్యమధ్యలో ఎదుటివాడి మాట విన్నావా లేదా?” అని ఆయన అరగంటసేపు చెప్తాడు. ఆ అరగంటలో ఒకరు చెయ్యెత్తుతారు, ఇంకొకరు క్లయింటు లైన్లో ఉన్నాడంటారు, మేనేజరు స్వయంగా వచ్చి వెళ్తాడు. ఏదీ ఆయన దాకా చేరదు. ఎస్కేప్ మీటకు కోడు 27. ఆయన్ని ఆపే మీట మాత్రం ఫిల్టర్ కాఫీ ఒక్కటే.

ఏఐ వచ్చాక ఈ క్లిక్కులెందుకండీ అని అడిగితే పొంగిపోతాడు. 2004లో గ్రాబ్‌కట్ వచ్చింది, వస్తువు చుట్టూ డబ్బా గీసి చూపించమంది. 2023లో మెటావాళ్ల సెగ్మెంట్ ఎనీథింగ్ వచ్చింది, ఒక్క క్లిక్కు కొడితే వస్తువు అంచులు తానే గీస్తానంది. “ఎంత చదువుకున్న మోడల్‌కైనా ఇదీ అని మనం వేలు పెట్టి చూపించాల్సిందే!”

చూపించాడు కూడా. చెరువు ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పుది. తెర మీద పట్టదని 1000కి కుదించి, కుడిపక్క నీళ్లలో ఉన్న గేదె మీద నొక్కాడు. ఎడమపక్క గట్టు మీది తాటిచెట్టు వెలిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తాటిచెట్టే.

“సార్, కుదించిన లెక్కలోనే పంపుతున్నట్టున్నారు, నాలుగుతో...” అంది కుంకుమ అమ్మాయి.

“దీనికి శిక్షణ చాల్లేదమ్మా,” అని తేల్చేసి, మన పశువుల ఫొటోలు లక్ష సేకరించాలని మేనేజరుకు మెయిల్ కొట్టి భోజనానికి వెళ్లాడు.

ఆ వ్యవధిలో ఆ అమ్మాయి ఎక్స్‌నూ వైనీ నాలుగేసితో హెచ్చవేసింది. పంతులుగారు మజ్జిగ గ్లాసుతో తిరిగొచ్చి నొక్కితే కొమ్ములతో సహా గేదె వెలిగింది. ఆయన గ్లాసు కింద పెట్టి, చూపుడువేలు అందరికీ కనిపించేలా ఎత్తి అన్నాడు:

“చూశారా? నొక్కడం తెలియాలి.”