చూర్ణమాహాత్మ్యము

మానవదేహమున నిందకు పాత్రములైన అవయవములు పెక్కు గలవు గాని, పెద్దప్రేగు పడుచున్నంత అపవాదు మరియొకటి పడుటలేదు. టెలివిజన్ తెరమీదను, చేతి ఫోనులోను రేయింబవళ్లు వినవచ్చు చూర్ణప్రకటనల శారీరశాస్త్రము ననుసరించి మన ప్రేగు వంటింటి తూమువంటిది; బాల్యమున తిన్న అట్లతద్ది అట్లు మొదలు నిన్నటి బిర్యానీ వరకు సమస్తమును దాని గోడలకు పొరలుపొరలుగా అంటుకొని, కిలోలకొలది పేరుకొని, కుళ్లి విషమై నెత్తురున కెక్కి, తలనొప్పికిని, మొటిమలకును, మోకాళ్ల పోటునకును, ఆలుమగల కలహమునకును ఏకైక కారణమగుచున్నది. పరిహారమా, అతిసులభము: రాత్రి పరుండబోవునప్పుడు ఒక చెంచా చూర్ణము, గోరువెచ్చని నీరు, చూర్ణకర్తయందు అచంచల భక్తి.

కొలనోస్కోపీ గొట్టముతో నిత్యము ప్రేగులను లోపలినుండి పరికించు వైద్యులకు ఈ పొరలు ఎన్నడును దర్శనమిచ్చినట్లు లేదు. ప్రేగు లోపలి పొరయే నాలుగైదు దినములకొకమారు తనంతట తాను రాలిపోయి క్రొత్తది పుట్టుచుండగా, ఆ అట్లతద్ది అట్టు ఇన్నేండ్లు దేనిని పట్టుకొని వ్రేలాడుచున్నదో చూర్ణకర్తయే సెలవీయవలెను. ఇంతకును ఈ విషకథ మన ఋషులు చెప్పినది కాదు. ఆయుర్వేదమున, సరిగా అరుగక మిగిలినదగు ఆమమను భావన గలదు. ఆ చర్చ వేరు, దానికి కిలోల తూకము లేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో లండనునందు సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అను శస్త్రవైద్యుడు, నిలువయున్న మలమే దేహమునకు విషమెక్కించునని దృఢముగా నమ్మి, మలబద్ధకముతో వచ్చిన రోగుల పెద్దప్రేగునే కోసి తీసివేసెను; వైద్యలోకము ఆ సిద్ధాంతమును పిమ్మట త్రోసిపుచ్చినది. అక్కడ కాటికి పోయిన ఆ శవము ఇక్కడ కాషాయము గట్టి, విభూతి పెట్టి, సనాతన విజ్ఞానమను పేర లేచి కూర్చున్నది.

పాపము, ప్రేగు అడుగునది పీచు. మనమో, ధాన్యమునకు పైనున్న తవుడును మరపట్టించి గేదెకు పెట్టి, తెల్లని అన్నమును మనకు వడ్డించుకొని, అటుపిమ్మట బజారునకు పోయి, గుజరాతు, రాజస్థాన్ పొలములలో పండిన ఇసబ్‌గోల్ పొట్టును డబ్బాలతో కొనితెచ్చుకొనుచున్నాము. 2000 కిలోకేలరీల ఆహారమునకు సుమారు 30 గ్రాముల పీచు ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. 100 గ్రాముల పాలిషు బియ్యమున 3 గ్రాములైనను లేదు, అంతే తూకపు రాగులలో 11 గ్రాములు గలదు. ఇసబ్‌గోల్‌ను నేను నిందింపను. అది నీటిని పీల్చి ఉబ్బి మలమును మెత్తపరచును. పైత్యరసములోని ఆమ్లములను తనవెంట గొనిపోవుటచే కొలెస్ట్రాలును కొంత తగ్గించును. చాలినంత నీరు త్రాగక మ్రింగిన తొందరపాటువానికి గొంతుననే అడ్డుపడును. ఇక ఆకుకూరలు, పప్పులు, తృణధాన్యముల పీచులో కొంతభాగమును ప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యుటిరేట్ అను పదార్థమును చేయగా, పెద్దప్రేగు కణములకు అదియే ముఖ్యాహారము. ఇంతటి వైభవమునకు ప్రకటన లేదు. ఏలయన రాగిసంకటికి మూత లేదు, ముద్ర లేదు, దానివలన తన జీవితమే మారిపోయినదని కన్నీరు కార్చు సినిమానటి లేదు.

చూర్ణము పనిచేయదని నేననను. పనిచేయుటయే దాని గుట్టు. అనేక చూర్ణపుడబ్బాల వెనుక, భూతద్దమునకు గాని చిక్కని అక్షరములలో, సునాముఖి యను పేరుండును. ఆ ఆకులోని సెన్నోసైడులను ప్రేగులోని సూక్ష్మజీవులు విడగొట్టగా పుట్టు పదార్థము ప్రేగుకండరములను అదిలించి తెల్లవారుసరికి మనిషిని పరుగెత్తించును. ఇంగ్లీషు మందుల దుకాణమున విరేచనపు మాత్రగా అమ్ముడగునదియు ఇదే. అచ్చట మందు, ఇచ్చట మూలిక. అచ్చట దుష్ప్రభావములు గలవు, ఇచ్చట లేవు, ప్రకృతిసిద్ధము గనుక. గన్నేరుపప్పును, ముష్టిగింజయు ఏ కర్మాగారమున తయారగుచున్నవో! సునాముఖిని అతిగా సేవించినచో ఒంటిలోని నీరును, లవణములును తరలిపోవును. నెలలతరబడి సేవించినవారి ప్రేగు లోపలి పొర నల్లబడుటయు కద్దు. వైద్యులు దానికి మెలనోసిస్ కోలై యని పేరిడిరి. మానివేసినచో క్రమముగా తొలగునందురు. తూమును కడుగవచ్చినవాడు మసి పూసి పోవుచున్నాడన్నమాట.

భక్తునికి ఇదేమియు పట్టదు. ఉదయమున వెడలినది మొన్నటి భోజనము కాదనియు, ముప్పదియేండ్ల విషమనియు నిశ్చయించుకొని, తేలికపడిన దేహముతోను, మరింత తేలికపడిన జేబుతోను ఇరుగుపొరుగులకు చూర్ణోపదేశము చేయుచుండును. కొన్నాళ్లకు ఒక చెంచాకు కదలిక లేదని మొరపెట్టుకొనగా, అతని విషము మిక్కిలి పాతదని తేల్చి రెండు చెంచాలు పోయింతురు. రెంటికిని లొంగనినాడు, 'డబుల్ యాక్షన్' అను ఎర్రమూత డబ్బా, ధర కొంచెమెక్కువగా, సిద్ధముగానే యుండును.