నా ఒంట్లో రెండు గుంటలు తక్కువ

మనిషికి ఆధార్ ఉన్నట్టే భూమికీ భూధార్ ఇస్తామని సర్కారువారు ఇంకోసారి సెలవిచ్చారు. మనిషి అనుభవిస్తున్న సుఖాన్ని భూమికి పంచుతున్నారు, బాగుంది. భూమి పడ్డ సుఖం మనిషికెప్పుడు పంచుతారు?

అందుకే ఈ మనవి. కొత్తపేట పండ్ల మార్కెట్ జాగాలో 2022లో పెద్దాసుపత్రికి పునాదిరాయి వేశారు కదా. మార్కెట్ ఎటూ మా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారానికి వచ్చేసింది. ఆ ఆసుపత్రిని భూముల రికార్డులు నడిపిన ధరణి పోర్టల్ పద్ధతిలో నడపండి. మొదటి రోగిని నేనే.

జ్వరంతో వెళ్తాను. కౌంటర్ పిల్లగాడు నుదురు ముట్టడు, వేలిముద్ర అడుగుతాడు.

"అన్నా, మీకు జ్వరం చూపిస్తలేదు. మీ పక్కింటాయనకు ఎక్కింది."

"కాలుతున్నది నాకు కదయ్యా, చెయ్యేసి చూడు!"

"చెయ్యేసే ఆప్షన్ లేదన్నా."

స్క్రీన్ మీద నాకు కిడ్నీ ఒకటే ఉంది. రెండోది 2017 నాటి రికార్డుల ప్రక్షాళనలో ఎగిరిపోయిందట. ఉన్న ఒక్కటీ నిషేధిత జాబితాలో చేరింది. ఎప్పుడో మా వార్డులో ఒక మంచం దేవాదాయ శాఖదట, అందుకని వార్డు మొత్తాన్నీ గంపగుత్తగా కలిపేశారు. పొడవులో రెండు గుంటలు తగ్గాను. గుండె పార్ట్-బిలో పడింది. కొట్టుకుంటోంది కదా బాబూ అంటే, "కొట్టుకుంటదన్నా, కాకపోతే వివాదంలో ఉన్నది" అంటాడు.

పాత పహాణీలో కాస్తు కాలమ్ ఉన్నట్టే, ఈ ఒంట్లో కాపురముంటున్నది ఎవరో రాసే గడి ఒకటి పాత కేస్‌షీట్‌లో ఉండేది. దాన్ని పీకేశారు. అరవై ఏళ్లుగా ఇందులో ఉంటున్నది నేనేనని ఇక రుజువు లేదు. మా తాత పేరే వస్తోంది. పోయి ముప్పై ఏళ్లయినా సిస్టమ్‌లో ఆయన నిక్షేపంగా ఉన్నాడు.

డాక్టరు మంచోడే. నాడి పట్టుకుని, "రోగం మీదే పెద్దాయనా, తెలుస్తూనే ఉంది. దిద్దే లాగిన్ నా దగ్గర లేదు, కలెక్టర్‌గారి దగ్గరుంది" అంటాడు. మీసేవకు పోయి తప్పులు దిద్దమని టీఎం-33 దరఖాస్తు పెట్టుకుంటాను. స్లాట్ దొరికిన రోజు సర్వర్ దొరకదు. ఎన్నాళ్లకో ఫోన్ టింగుమంటుంది: తిరస్కరించడమైనది. ఎందుకో ఉండదు.

ఈలోగా ఆసుపత్రి పేరు ఆరోగ్య భారతి అయింది. బోర్డు మీద రంగు వాసన ఇంకా పోలేదు. ఇకపై ఒక్కో అవయవానికీ ఒక నంబరట. ఉన్న కిడ్నీకి వచ్చింది. మరి రెండోదానికి? లేనిదానికి నంబర్ ఎక్కడిస్తారు! కడుపులో పనిచేసుకుంటూనే ఉన్న నా కిడ్నీ, ఆ దెబ్బతో శాశ్వతంగా లేకుండా పోయింది.

ఇక నాకు నవ్వు రావడం లేదు. 2019 నవంబర్ 4న, పట్టపగలు, మా అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు ఆఫీసులోనే, భూమి గొడవలో, తహసీల్దారు విజయారెడ్డిగారిని పెట్రోలు పోసి తగలబెట్టారు. కాపాడబోయిన డ్రైవర్ కాలిపోయి చనిపోయాడు. నిప్పంటించిన రైతూ పోయాడు. ఆ ఘోరాన్ని వెనకేసుకొచ్చే నోరు ఎవరికీ ఉండకూడదు. కానీ ఆ మంట నుంచి మీరు నేర్చుకున్నదేమిటి? మరుసటి ఏడాది వీఆర్వోలను ఎత్తేశారు. వాళ్లలో లంచగొండులు ఉన్నారు, నిజమే, కానీ ఏ గట్టు ఎవరిదో వాళ్లకు తెలుసు. 2020 అక్టోబర్ 29న ధరణి తెచ్చి, అడిగితే జవాబు చెప్పే మనిషే లేకుండా చేశారు. 2025 ఏప్రిల్ 14న దాని బదులు భూభారతి అన్నారు. ఇప్పుడు నంబర్ అంటున్నారు.

ముందు గట్టు మీదికి రండయ్యా. గొలుసు తెచ్చి కొలవండి. దున్నుతున్నవాణ్ని పేరడిగి రాసుకోండి. ప్రాణాలు బూడిదైన ఊరి నుంచి అడుగుతున్నాను, ఆ తర్వాత ఎన్ని అంకెలైనా తగిలించుకోండి.