కుడికి వాలు బంతి: సటీకా తాత్పర్యం

అవతారిక

ఖాజాగూడలోని ఒక గేటెడ్ కమ్యూనిటీ నోటీసు బోర్డు మీద వెలసిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. కథానాయకుడు ఐటీ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న గృహస్థు. మిత్రబృందంతో జపాను వెళ్లి, కోర్సు తర్వాత కోర్సుగా గోల్ఫు ఆడి వచ్చాడు. వచ్చాక అందరికీ ఫోటోలు చూపించాడు, స్కోరుకార్డు మాత్రం చూపించలేదు. ఆ లోటు పూరించడానికే కవి పూనుకున్నాడని తోస్తున్నది.

మూలం

రాళ్ల నడుమ నాడి రాటుదేలినవాని
ఫూజి కొండ చెంత పోయె బంతి
గడ్డి మారె నేల గాలి మారెను గాని
కుడికి వాలు బంతి గుణము పోదు

ప్రతిపదార్థం

రాళ్ల నడుమన్ = ఖాజాగూడకు కూతవేటు దూరంలోని బౌల్డర్ హిల్స్‌లో, అనగా పీటర్ హారడైన్ రూపుదిద్దిన 18 హోల్స్ కోర్సులో, సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు గుండ్ల మధ్య; ఆడి = శని, ఆదివారాల్లో తెల్లవారకముందే లేచి ఆడి; రాటుదేలినవాని = రాటుదేలానని తాను అనుకునేవానియొక్క; ఫూజి కొండ చెంత = కవానా ఫూజి కోర్సులో; పోయె బంతి = నాలుగైదు వందలు పోసి కొన్న బంతి కంటికి కనబడకుండా పోయింది; గడ్డి, నేల, గాలి = ఆటకు ఆధారమైన మూడూ; మారెను గాని = మారినప్పటికీ; కుడికి వాలు = స్లైసు అయ్యే; గుణము పోదు = అలవాటు పోదు.

తాత్పర్యం

సొంతూరి బండల మధ్య ఆడి ఆరితేరానన్న పెద్దమనిషి విదేశంలోనూ బంతి పోగొట్టుకున్నాడు. పచ్చిక వేరు, నేల వేరు, గాలి వేరు. బంతి మటుకు ఖాజాగూడలో ఎటు పోయేదో అక్కడా అటే పోయింది.

విశేషాంశాలు

1. ‘చెంత’ అన్నందుకు కొందరు ఆక్షేపిస్తారు. కవానా కోర్సు ఇజు ద్వీపకల్పంలో సముద్రపుటంచున ఉన్నది. ఫూజి పర్వతం మబ్బు లేని రోజున దూరాన అగుపిస్తుంది, అంతే. ఆక్షేపణ నిలవదు. గంగలో పల్లె ఉన్నదంటే గంగ ఒడ్డున ఉన్నదని ఆలంకారికులు లక్షణావృత్తితో సరిపెట్టుకోలేదా? ఇక్కడా అంతే. పైగా ఫోటోలో కొండ నాయకుడి భుజం మీదే కూర్చున్నట్టు ఉన్నది, కవి చూసింది ఆ ఫోటోనే. 1936లో మొదలైన ఆ కోర్సును తీర్చిదిద్దినవాడు ఆంగ్లేయుడు చార్ల్స్ ఆలిసన్. ఆయన తవ్వించిన లోతైన ఇసుక గుంతలను జపానువారు నేటికీ ‘ఆలిసన్’ అనే పిలుస్తారు. వాటిలో దిగిన మన నాయకుడు ఎన్ని దెబ్బలకు పైకి తేలాడో కవి చెప్పలేదు. ఇది ఔచిత్యం.

2. ‘గడ్డి మారె’ అన్నది అతిశయోక్తి కాదు. జపానులో చాలా కోర్సుల్లో ఒక్కో హోలుకు రెండేసి గ్రీన్లుంటాయి. ఒకదాని మీద ఉక్కను ఓర్చే కొరై గడ్డి, మరొకదాని మీద చలికి నిలిచే బెంట్ గడ్డి. ఋతువును బట్టి ఒకదాన్ని మూసి ఇంకొకదాని మీద ఆడిస్తారు. కొరై ఆకు బిరుసుగా ఉండి, నెమ్మదిగా దొర్లే బంతిని తాను మొగ్గిన వైపు లాగుతుంది. గ్రీను మీద గురి తప్పినప్పుడల్లా నాయకుడు గడ్డినే నిందించాడని సహయాత్రికుల వాఙ్మూలం.

3. ‘నేల’ అంటే నాయకుడు ఆడిన కొండనేల కూడా. జపానులో తొలి గోల్ఫు క్లబ్బు 1903లో కోబె నగరం పైనున్న రొక్కో కొండ మీద ఆర్థర్ గ్రూమ్ అనే ఇంగ్లీషు వర్తకుడి చొరవతో వెలసింది. మన విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. అంటే ఈ ఆటలో తెలుగునేల జపానుకు అన్నగారు. ఈ మాట నాయకుడికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే విశాఖ రైలు టిక్కెట్టుతో పోయేది.

4. మూలంలో లేకపోయినా వ్యాఖ్యాత చెప్పక తప్పనివి కొన్ని. జపానులో తొమ్మిది హోల్స్ కాగానే ఆట ఆపి, క్లబ్‌హౌసులో తీరిగ్గా భోంచేస్తారు. ఆట ముగిశాక వేణ్ణీళ్ల తొట్టిలో సామూహిక స్నానం. గోల్ఫు సంచిని మోసుకుపోనక్కర్లేదు, కొరియరువాళ్లు ముందే కోర్సుకు చేరుస్తారు. ఆడినందుకు మనిషికి ఇంతని స్థానిక పన్ను ఉన్నది, డెబ్బై నిండినవారికి మాఫీ. అన్నిటికన్నా వింత, హోల్-ఇన్-వన్ బీమా. ఒక్క దెబ్బకే బంతిని గుంతలో వేసినవాడు మిత్రులందరికీ విందులు, కానుకలు ఇచ్చుకోవాలన్నది ఆచారం. ఆ ఖర్చుకు భయపడి ముందే బీమా కడతారు. ఆపదకు బీమా లోకంలో ఎక్కడైనా ఉన్నది, అదృష్టానికి బీమా అక్కడ చూడాలి. మన నాయకుడూ కట్టాడు. కంపెనీ నిశ్చింతగా ఉన్నది.

శాస్త్రచర్చ

పూర్వపక్షం: ‘కుడికి వాలు గుణం’ బంతిది కాదు, క్షేత్రానిది. ఖాజాగూడలో బండలు తగిలి పక్కకు పోయింది, కవానాలో సముద్రపు గాలి తోసింది, రొక్కోలో వాలు లాగింది.

సిద్ధాంతం: కాదు. అలాగైతే 2021లో టోక్యో ఒలింపిక్స్ గోల్ఫు జరిగిన కసుమిగసేకి కోర్సులో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, తల్లి బ్యాగు మోస్తుండగా, ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలవడం కుదిరేది కాదు. ఆమె దూరం కొట్టే ఆటగత్తె కాదు, అయినా తిన్నగా కొట్టింది. ఆ గడ్డీ గాలీ అందరికీ ఒక్కటే.

ఇక కారణం ఏది? బంతిని తాకే వేళ క్లబ్బు ముఖం, అది కదిలే దారికి కుడిగా తెరుచుకుని ఉంటే, కుడిచేతివాటం వాడి బంతి పక్కకు గిరగిరా తిరుగుతూ కుడికి వంగుతుంది. స్లైసు అంటే ఇంతే. దీన్ని పరిశేష న్యాయంతో నిరూపించవచ్చు: ఒక్కొక్క అనుమానితుణ్ణీ నిర్దోషిగా వదిలేస్తూ పోతే చివరికి మిగిలినవాడే దోషి. బండలు లేని చోటా వంగింది, బండలకు విడుదల. గాలి ఆగిన పూటా వంగింది, గాలికి విడుదల. బెంట్, కొరై, కొండ, కడలి అన్నీ వరసగా బయటపడ్డాయి. బోనులో మిగిలింది క్లబ్బు ముఖాన్ని అలా తెరిచి ఉంచే ఎడమచేతి పట్టు ఒక్కటే.

గోల్కొండ నయాఖిల్లా కోర్సు, సికింద్రాబాదు సైనికుల కోర్సు మన ఊళ్లోనే ఉండగా అంత దూరం పోవడం దండగ అని కొందరంటారు. ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. ఊళ్లో సాకులు బోలెడు. అవి అయిపోవాలంటే పరాయి నేలలు పది తొక్కాలి. తీర్థయాత్రకు ఫలం అదే.

ఫలశ్రుతి

ఎడమచేతి పట్టును క్లబ్బు మీద కాస్త కుడివైపుకు తిప్పుకుంటే ఈ దోషం చాలామందికి తగ్గుతుంది. పది నిమిషాల పని, ప్రాక్టీసు చాప మీదే చేసుకోవచ్చు. ఈ టీక రాస్తుండగానే కబురందింది, నాయకుడు వచ్చే వేసవికి స్కాట్లాండు ప్యాకేజీకి అడ్వాన్సు కట్టాడట. ఈసారి తప్పు వానదని ముందుగానే చెప్పి ఉంచాడు.