తెల్ల అట్ట

సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగిన మా మేనల్లుడు మెటాలికా టీషర్టు ఒంటి మీంచి విప్పడు. 2011 అక్టోబరు 30న అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల కచేరీ జరిగినప్పుడు వీడు ఇంజనీరింగ్ కుర్రాడు. అప్పటి నలుపు బూడిద రంగులోకి దిగింది గానీ, భక్తి వెలవలేదు. పండగ మధ్యాహ్నం అరిసె కొరుకుతూ ఫోన్‌లో 'ఆమ్ ఐ ఈవిల్?' పెట్టాడు.

"విను మావయ్యా. మెటాలికా అంటే ఇదీ!"

"ఆ పాట వాళ్లది కాదురా."

వాడు నావంక జాలిగా చూశాడు. అరవై దాటినవాణ్ని కదా.

నిజంగానే వాళ్లది కాదు. కట్టింది డైమండ్ హెడ్. బర్మింగ్‌హామ్‌కి పడమరన, గాజు సామానుకి పేరుపడ్డ స్టూర్‌బ్రిడ్జ్‌లో 1976లో బడి స్నేహితులు మొదలుపెట్టిన బృందం. పెద్ద కంపెనీలేవీ చెయ్యి అందించకపోతే 1980లో తొలి ఆల్బమ్ తామే తెచ్చుకున్నారు. మొదటి విడత వెయ్యి కాపీలు, పోస్టులో అమ్మకం. వ్యవహారాలు చూసింది గాయకుడు షాన్ హారిస్ వాళ్లమ్మ, ఆవిడకి తోడు అట్టల ఫ్యాక్టరీ నడిపే ఒకాయన. అట్టకి కరువేముంది? కరువల్లా దాని మీద అచ్చుకే. తెల్లటి అట్ట. బొమ్మ లేదు, పాటల పేర్లు లేవు, ఆఖరికి బృందం పేరు కూడా లేదు. కంపెనీలకి వినిపించడానికి నమూనా చాల్లే అనుకున్నారు పాపం.

దాన్ని పోస్టులో తెప్పించుకున్నవాళ్లలో అమెరికాలో ఉంటున్న డెన్మార్క్ కుర్రాడొకడున్నాడు. పదిహేడేళ్లవాడు. 1981 వేసవిలో ఏకంగా విమానమెక్కి లండన్ వచ్చి, వూలిచ్ ఓడియన్‌లో వీళ్ల కచేరీ చూసి, తెర వెనక్కి వెళ్లి పరిచయం చేసుకున్నాడు. ఎక్కడ దిగావయ్యా అంటే ఎక్కడా దిగలేదన్నాడు. గిటారిస్టు బ్రయాన్ టాట్లర్ ఇంటికి తీసుకెళ్లి నేల మీద పడక వేశాడు. తర్వాత మకాం హారిస్ ఇంటికి మారింది. అన్నీ కలిపి వారాల తరబడి ఉన్నాడు. సొంత బావమరిది అన్నాళ్లుంటేనే మనిళ్లల్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది.

ఆ కుర్రాడి పేరు లార్స్ ఉల్‌రిచ్. తిరిగెళ్లి, ఆ ఏడాదే మెటాలికా పెట్టాడు. 1982 మార్చి 14న అనహైమ్‌లో వాళ్ల తొలి కచేరీ. వాయించినవి తొమ్మిది పాటలు, అందులో నాలుగు డైమండ్ హెడ్‌వి. ఇవి ఫలానావాళ్లవి అని ప్రేక్షకులతో చెప్పే అలవాటు అప్పట్లో వాళ్లకి లేదు. 1984లో ఈ పాటని రికార్డు చేసినప్పుడు మాత్రం రాసినవాళ్ల పేర్లు వేశారు, రాయల్టీలూ ముట్టాయి. ఆ మాట దాచడం అన్యాయం. తమాషా ఏమిటంటే, డైమండ్ హెడ్‌ని ఆలస్యంగా చేరదీసిన పెద్ద కంపెనీ వాళ్లని వదిలించుకున్నదీ ఆ 1984లోనే. మరుసటి ఏడాదికి బృందం చెదిరిపోయింది.

మళ్లీ కూడారు. 1993 జూన్ 5న మిల్టన్ కీన్స్‌లో మెటాలికా మహా కచేరీ. దానికి ముందు వాయించినవాళ్లలో డైమండ్ హెడ్ ఒకటి. నేల మీద పడుకున్నవాడు పెళ్లికొడుకు, పడక వేసినవాళ్లు సన్నాయి మేళం.

ఇదంతా మావాడికి చెప్పలేదు. అసలు పాట వెతికి పెట్టానంతే. ఏడు నిమిషాల పైచిలుకూ కళ్లు మూసుకుని విన్నాడు.

"బానే వాయించారు. మెటాలికా పాటని ఎక్కడా చెడగొట్టలేదు."

"ఒరేయ్, ఇది 1980 నాటిది. మెటాలికా అప్పటికి పుట్టనేలేదు."

"అయితే ఆల్బమ్ మీద పేరుంటుందిగా, చూపించు."

నాకూ పంతం వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, ఆ మొదటి విడత అట్ట ఫొటో వెతికి పట్టుకుని, ఫోన్ వాడి చేతికిచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేశాడు. చిన్నది చేశాడు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, చెయ్యి పైకెత్తి కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు.

"మీ ఊళ్లో సిగ్నల్ అస్సలు లేదు మావయ్యా. బొమ్మ లోడ్ అవ్వట్లేదు."