జర పక్కకు జరుగు తమ్మీ

వానకాలంలో పోచంపాడ్ కట్ట మీదికి పోతే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. నీళ్ల దిక్కు మొహం పెట్టినవాళ్లు, నీళ్లకు వీపు పెట్టినవాళ్లు. మొదటి రకంవాళ్లు గేట్ల కింద నురగలు కక్కుతూ దూకే గోదారిని చూసి నోరు తెరుస్తారు, తెరిచిన నోట్లో వేడివేడి చేప ముక్క ఒకటి వేసుకుంటారు, పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతారు. రెండో రకానికి గోదారితో పని లేదు. చేతిలో కర్ర, కర్రకు ఫోను, ఫోన్లో తన మొహం. ఈ శ్రీరాంసాగర్‌కు 42 గేట్లున్నాయి కనుక అవి కనిపించాల్సిందే. తనకంటే ఎక్కువ మాత్రం కనిపించకూడదు.

ఈ రెండో రకంలో ఒకణ్ని నేను దగ్గరుండి చూశాను. పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఊరికొకడు ఉన్నాడు. మావోడు అందాం. 2016లో బాల్కొండ నుంచి విడిపడి ఈ కట్ట దగ్గరి మెండోర మండలమైంది. మావోడి యూట్యూబ్ ఛానెల్ దానికంటే రెండేళ్లు చిన్నది. మండలానికి ఆఫీసులు, పోలీస్ స్టేషన్ ఒక్కొక్కటే వచ్చాయి. మావోడి ఛానెల్‌కు మాత్రం మనుషులు రాలేదు.

మొదట్లో వాళ్ల నాయినకు సంగతి వివరించడానికి పడ్డ తిప్పలు చూడాలి. అప్పటి రూలు ప్రకారం వెయ్యి మంది సబ్‌స్క్రైబ్ చేయాలి, ఏడాది లోపల జనం 4000 గంటలు చూడాలి, అప్పుడే యూట్యూబ్ వాడు పైసలకు దారి తెరుస్తాడు. ఆయన పసుపు రైతు. వేళ్ల మీద లెక్క కట్టాడు.

"నాలుగు వేల గంటలా? దినానికి ఎనిమిది గంటలేస్తె ఐదు వందల దినాల కూలిరా అది. ఎవడు జేస్తడు గంత పని?"

"నేను గాదే నాయినా, సూసెటోళ్లు సూడాలె."

"నిన్ను సూసుడు గుడ పనేనారా వాళ్లకు?"

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పసుపు తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలితే తప్ప రూపాయి కళ్లబడదు. అలాంటి పంటను నమ్ముకున్న మనిషి కొడుకు వెర్రిని కూడా తొమ్మిది నెలలు ఓపిక పడదామనుకున్నాడు. ఇప్పటికి ఎన్ని తొమ్మిది నెలలు గడిచాయో లెక్క పెట్టడం మానేశాడు.

వెయ్యి మందిని పోగుచేయడానికి మావోడు ఎంచుకున్న పొలం పెండ్లిళ్లు. మనిషి కూర్చుంటాడు, కదలలేడు, చేతిలో ఫోను ఉంటుంది, ముందు విస్తరి ఉంటుంది. బగారన్నం బకెట్టు పట్టుకొని మావోడు వరుసలోకి దిగేవాడు. "కాకా, ఫోన్ ఇయ్యి జర" అనడం, ఎర్ర బటన్ ఒకటి నొక్కడం, ఆ తర్వాతే గరిటె వంచడం. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒక బావ జేబులో మూడు ఫోన్లున్నాయని తెలిసి ఆయనకు నల్లిబొక్కలు మూడుసార్లు వడ్డించాడు. చిన్న బటన్ల ఫోన్ ఉన్న ముసలోళ్ల విస్తర్ల దగ్గరికొచ్చేసరికి బకెట్టు కాస్త వేగంగా కదిలేది. ఒక పెండ్లిలో మైకు దొరికితే, "అందరూ సబ్‌స్క్రైబ్ చేసి గంట కొట్టుండ్రి" అని చాటాడు. మంత్రం మధ్యలో ఉన్న అయ్యగారు తనకే చెప్పాడనుకొని చేతిలో గంట తీసి గణగణ మోగించాడు. తాళి కట్టే ఘడియ వచ్చిందనుకొని జనం అక్షింతలు చల్లారు. పిల్లగాడు ఇంకా మండపం ఎక్కనే లేదు.

మాఘమాసం ముగిసేసరికి వెయ్యి మంది అయ్యారు. అందులో తొమ్మిది వందల మందికి తాము సబ్‌స్క్రైబర్లమన్న సంగతి ఈనాటికీ తెలియదు. గంటలు కదలలేదు.

అప్పుడు పట్టింది బొమ్మల పిచ్చి. వీడియో మీద అతికించే ఆ ఒక్క బొమ్మలోనే ప్రపంచం ఉందని ఎవరో చెప్పారు. ఎర్ర బాణం, పచ్చ గుండ్రం, గుడ్లు తేలేసిన మావోడి మొహం. గుండ్రంలో ఏముందో వీడియో మొత్తం చూసినా తేలదు. జూలై ఒకటో తారీఖు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు. ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ గేట్లు ఎత్తే రోజు అది. జూలై 1న ఎత్తాలని, అక్టోబర్ 28 దాకా దించకూడదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. రెండు రాష్ట్రాల అధికార్లు నిలబడి, చూసి, సంతకాలు పెట్టి ఎవరి జీపు వారెక్కుతారు. పంచాంగంలో పండుగలా ముందే తెలిసిన తేదీ. మావోడు మాత్రం ప్రతి ఏటా దాన్ని అప్పుడే పిడుగు పడ్డట్టు చెప్పేవాడు.

ఒక ఏడు బొమ్మలో నీళ్లు చాలవనిపించింది. ఎక్కడో దొరికిన అలను తెచ్చి కట్ట వెనకాల అతికించాడు. అది సముద్రపు అల. మూలకు ఓడ ముక్క కూడా కనిపిస్తోంది. "దూసుకొస్తున్న గోదారి!! ఊళ్లు ఖాళీ??" అని పైన రాశాడు. గోదాట్లోకి ఓడ ఎప్పుడొచ్చిందని ఎవరూ అడగలేదు. ప్రశ్నార్థకం పెట్టాను కదా, అబద్ధం ఎట్లయితది అని మావోడి వాదన. కట్టకు దిగువన సోన్ వైపు వాళ్ల మేనత్త ఉంటుంది. ఆవిడ ప్రశ్నార్థకం దాకా ఆగలేదు. రెండు మేకలు, ఒక టీవీ, బీరువా తాళంచెవితో అర్ధరాత్రి ఆటోలో వచ్చి దిగింది. బయట చుక్కలు కనిపిస్తున్నాయి, చినుకు లేదు. తెల్లారి ఊరి కమిటీ పెద్దమనుషులు పిలిచి జరిమానా వేశారు. ఎంతో మావోడు చెప్పడు. ఈ సంగతి మీద వీడియో చేస్తానన్నాడట, రెండింతలైందట.

బోధన్‌కూ పోయాడు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసి, 2015 చివర్లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కన రాత్రి పదింటికి టార్చి పట్టుకొని నిలబడ్డాడు. లోపల దయ్యాలున్నాయని చెప్పించాలని మావోడి కోరిక. ఛాయ్ బండి దగ్గర ఒక పెద్దమనిషిని పట్టుకొని మైకు మూతికి పెట్టాడు.

"తాతా, లోపలికెళ్లి సప్పుళ్లొస్తయట గదా?"

ఆయన గ్లాసు దించకుండా చెప్పాడు. "యాడి దయ్యాలు బిడ్డా. పనిలేక అవి గుడ గల్ఫ్‌కు పోయినయ్."

అంత మంచి మాటను మావోడు కత్తిరించి పారేశాడు. దయ్యాలు లేవంటే ఎవరు చూస్తారు?

మావోణ్ని చూసి నవ్వే హక్కు నాకు ఎంతవరకుందో ఇక్కడ ఒప్పుకోవాలి. నా కథ ఒకటి పత్రికలో అచ్చయినప్పుడు నాలుగు ప్రతులు కొని, ఒకటి ఆర్మూర్ బస్టాండు బెంచీ మీద, సరిగ్గా నా పేజీ తెరిచి, మరిచిపోయినట్టు పెట్టి వచ్చాను. దూరంగా నిలబడి చూశాను. ఒకాయన వచ్చాడు, పత్రిక తీశాడు, బెంచీ దులిపి కూర్చున్నాడు. మిగతాది వద్దు.

అందుకే కాస్త పెద్దరికం తెచ్చుకొని ఒకరోజు మావోడికి పాత సంగతులు చెప్పాను. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి, వాటిని తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడని. చదివేవాడు మన దగ్గరికి రాడు, మనమే వాడి గుమ్మానికి పోవాలని ఆయనకు తెలుసునని.

"ఎంతమంది ఫాలోవర్లు కాకా?" అన్నాడు.

"పోలీసులతో కలిపా, కలపకుండానా?"

తర్వాత దాశరథి సంగతి ఎత్తాను. ఇది మన ఇందూరు ఖిల్లా ముచ్చటే. నిజాం కాలంలో ఖైదు చేసి ఖిల్లాలో పెడితే, పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాశాడు. కాగితం లేదు, పత్రిక లేదు, ఎదురుగా ఉన్న ఖైదీలే పాఠకులు. ఆళ్వారుస్వామి కూడా ఆ జైల్లోనే ఉన్నాడు.

మావోడు మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు.

"అంటే వాల్ మీద పోస్ట్ వెట్టిండన్నట్టు. మరి డిలీట్ జేసిన్రా?"

"తుడిపేసిన్రు. కొట్టిన్రు గుడ."

"అట్లయితే కంటెంట్ల దమ్మున్నది కాకా."

సాహిత్య విమర్శ ఇంత క్లుప్తంగా నేనెప్పుడూ వినలేదు. మరునాడే ఖిల్లాకు పోయి వీడియో చేశాడు. పన్నెండు నిమిషాలు. గోడ నాలుగు సెకండ్లు కనిపిస్తుంది, అదీ మావోడు చెమట తుడుచుకోవడానికి వంగినప్పుడు.

ఇక గంగవ్వ సంగతి చెప్పకపోతే ఈ చిత్రానికి రంగు రాదు. జగిత్యాల దిక్కు లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టడం, అందులో గంగవ్వ నోరు విప్పడం, 2020లో ఆమె బిగ్‌బాస్ ఇంటి దాకా పోవడం తెలంగాణలోని ప్రతి మావోడికీ కంఠతా వచ్చిన పురాణం. అప్పటినుంచి కెమెరా ఉన్న ప్రతి ఇంట్లో ముసలమ్మకు నెమ్మది లేకుండా పోయింది. మావోడూ వాళ్ల అవ్వను పట్టుకున్నాడు. రెండు పేజీల మాటలు రాసి చేతికిచ్చాడు. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాడు.

"నేనెప్పుడన్న గిట్ల మాట్లాడిన్నారా?" అందావిడ. "ఇవి నీ మాటలు. నువ్వే చీర గట్టుకొని చెప్పు."

నిజానికి ఈ జిల్లాలో జనాన్ని పిలవడం ఎవరూ నేర్పాల్సిన విద్య కాదు. చాటింపు వేసేవాడు డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, చెప్పాల్సిన మాట చెప్పి, తర్వాతి గల్లీకి పోయేవాడు. నచ్చితే లైకు కొట్టమని ఆగిన డప్పును నేనెరగను. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో స్థిరపడ్డ చిందుల ఎల్లమ్మ వేషం కట్టి గజ్జె కదిలించిందంటే ఊరు ఊరంతా గొంగళ్లు పట్టుకొచ్చి తెల్లారేదాకా కూర్చునేది. రాత్రికి ఎన్ని గంటలు, మనుషులెంతమంది, గుణిస్తే మావోడి 4000 గంటలు ఆమెకు ఒకటి రెండు రాత్రుల పని. ఈ లెక్క మావోడికి చెప్పలేదు. ఏడుస్తాడు.

అసలు సంగతి అనుకోకుండా జరిగింది. ఒక పొద్దున మావోడు ఇంటి ముందు వీడియో మొదలుపెట్టి, ఫోనును పిట్టగోడ మీద నిలబెట్టి, "నమస్తే ఫ్రెండ్స్" అన్నాడో లేదో కరెంటొచ్చింది, మోటరు పెట్టి రమ్మని నాయిన కేకేశాడు. ఫోను అక్కడే ఉండిపోయింది. ఇరవై ఏడు నిమిషాలు దానంతటదే గల్లీని చూసింది. ఎర్రజొన్న బస్తాలతో ట్రాక్టరు పోయింది. కోడి ఒకటి కెమెరా దగ్గరికొచ్చి, కన్ను పెట్టి చూసి, నచ్చక వెళ్లిపోయింది. ఎదురింటామె ముగ్గేసింది. అవ్వ గడప మీద కూర్చొని, పసుపు కొమ్ములు ఏరుకుంటూ, రాని కోడలి మీద, వచ్చిన బిల్లు మీద, ఎదురింటి కుక్క మీద వరుసగా అభిప్రాయాలు చెప్పింది. పొరపాటున నొక్కాడో, పని ఎగ్గొట్టడానికి నొక్కాడో, అది అట్లాగే ఛానెల్ ఎక్కింది.

మూడో రోజుకు గంటలు కదిలాయి. వారానికి పరుగెత్తాయి. వాట్సాప్‌కు వాయిస్ మెసేజీలు మొదలయ్యాయి. దుబాయి నుంచి, దమ్మాం నుంచి, మస్కట్ నుంచి. కంపెనీ క్యాంపుల్లో ఒక గదిలో పది మంది పడుకునే మనుషులు.

"తమ్మీ, పదకొండో నిమిషంల బిందె వట్టుకొని పోతున్నది మా అమ్మరా. జర కుంటుతున్నట్టున్నది. ఫోన్ జేస్తె మంచిగనే ఉన్న అంటది."

"అన్నా, మూల మీది యాపచెట్టు కొట్టేసిన్రా? నాకెవ్వరు చెప్పలే."

"మొదటి ముక్కల నువ్వు అడ్డమున్నవ్ తమ్మీ. నీ ఎన్క నీలం తలుపు మాది. ఇంకోపారి దీస్తె జర పక్కకు జరుగు."

ఆ చివరి మెసేజి మావోడు నాకు మూడుసార్లు వినిపించాడు. ఎట్లా తీసుకోవాలో తెలియని మొహం. వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక్కడూ తన కోసం రాలేదు.

"గిదేంది కాకా," అన్నాడు. "నేను లేకుంటెనే చూస్తున్నరు!"

ఏం చెప్పను? బస్టాండు బెంచీ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇప్పుడు మావోడికి గల్ఫ్ నుంచి ఆర్డర్లు వస్తాయి. పొలం కాడి తూము చూపించు, అంగడి చూపించు, మా పోరగాడు బడికి పోయే టైముకు నిలబడు అని. పోతాడు, చూపిస్తాడు. పదిహేను నిమిషాల వీడియోలో మాట్లాడేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల కోసం కొత్త అంగీ తొడుక్కుంటాడు. నాయినకు పైసలు కనిపించాయి, యార్డులో పసుపు ధర పాడే వీడియో చేయమని ఆయనే సలహా ఇస్తున్నాడు. 2027 గోదావరి పుష్కరాలకు పోచంపాడ్ ఘాటు దగ్గర ఏ మెట్టు మీద నిలబడాలో ఇప్పటినుంచే గుర్తు పెట్టుకున్నాడు. మేనత్త మాత్రం ఛానెల్ చూడటం మానేసింది. మేకల మీద ఒట్టేసిందట.

మొన్నటి వరదకు పోచంపాడ్ కట్ట మీద కనిపించాడు. కర్ర లేదు. ఫోను నీళ్ల దిక్కే పట్టుకున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వి, "పూరా ప్రాజెక్టే కాకా ఈపారి, నేను లేను" అన్నాడు. రాత్రి ఇంటికొచ్చి ఆ వీడియో పెట్టుకొని, పని లేనివాణ్ని కనుక, గేట్లు లెక్కపెట్టాను. 39 వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, 39. మిగతా మూడింటి ముందు కొత్త అంగీ ఒకటి నిలబడి, చెయ్యెత్తి గోదారిని చూపిస్తోంది. ఫోను ఎవడి చేతికిచ్చాడో మరి.